టెర్రస్ మీద నీడ గడియారం: జనవరి నుంచి జూన్ దాకా మా ప్రాజెక్టు డైరీ

మాది మల్కాజిగిరిలో మూడంతస్తుల అపార్ట్‌మెంట్. పాపకి ఎనిమిదేళ్ళు, బాబుకి ఐదు. ఇద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు. పొద్దున్న గంటన్నర పుస్తకాలు, ఆ తర్వాత చేతిపని. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టిన ఈ గడియారం పదిహేను రోజుల్లో అయిపోతుందనుకున్నాం, జూన్ దాకా పట్టింది. ఇంకెవరైనా పిల్లలతో ఇదే చేద్దామనుకుంటే మాకు పోయిన వారాలు వాళ్ళకి పోకూడదని కొలతలూ ఖర్చులూ తప్పులూ అన్నీ రాసి పెడుతున్నాను.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సూర్యుడివైపు నేరుగా చూడకూడదు, ఎప్పుడూ నీడనే చూడాలి. మా ఇంట్లో ఈ ప్రాజెక్టుకి ఉన్న ఒకే ఒక్క కఠినమైన రూలు ఇది.

దశ 1: కుండీలో పాతిన కర్ర (జనవరి 18 – 24)

ఖాళీ మట్టికుండీలో పాత మాప్ కర్ర పాతి, గంటకోసారి నీడ మొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టాం. ఐదు రోజుల్లో 21 గుర్తులు పెడితే వాటిలో ఒక్కటీ మిగల్లేదు. కారణాలు ఇవి:

1. కుండీలో మట్టి వదులుగా ఉంది. గాలికి కొంత, బాబు పట్టుకుని తిరగడం వల్ల కొంత, కర్ర రోజుకో వైపు ఒరిగింది.
2. మేం ఎంచుకున్న మూల మీదికి మూడింటికల్లా వాటర్ ట్యాంకు నీడ వచ్చేస్తుంది. చోటు ఎంచుకునే ముందు ఒక రోజంతా ఊరికే గమనించి ఉండాల్సింది.
3. ట్యాంకు పొంగి సుద్ద గుర్తులు కొట్టుకుపోయాయి.
4. టెర్రస్ సమతలంగా లేదు. వాన నీళ్ళు పైపులోకి పోవడానికి మేస్త్రీలు వాటం పెడతారు కదా, అది మీటరుకి దాదాపు ఒక సెంటీమీటరు ఉంది. కంటికి కనపడదు, కానీ నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి పాపే కనిపెట్టింది.

ఇప్పటికి: పనిరోజులు 5, ఖర్చు 0, గుర్తులు 21, పనికొచ్చినవి 0.

దశ 2: తలుపు, రాడ్డు, ఉత్తరం (జనవరి 25 – ఫిబ్రవరి 6)

కింది ఫ్లాట్‌లో రిపేర్లు చేయిస్తూ తీసేసిన పాత ఫ్లష్ తలుపు మెట్ల కింద పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాం. ఆరున్నర అడుగుల పొడవు, రెండు ముప్పావు అడుగుల వెడల్పు. దాని మీద పాత ఫ్లెక్సీ బ్యానర్‌ని తెల్లటి వెనకవైపు పైకి వచ్చేలా పరిచి చుట్టూ మేకులు కొట్టాం. తెల్లగా ఉంటుంది, తడిసినా పాడవదు, పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే పోదు. కుండీ మానేసి, గోడకి బిగించే కర్టెన్ బ్రాకెట్‌ని తలుపుకి స్క్రూలతో బిగించి అందులో కర్టెన్ రాడ్డు ముక్క నిలబెట్టాం.

చేసిన వరుస:

1. తలుపు నాలుగు మూలల కిందా ఇటుకలు, వాటి మీద పెంకు ముక్కలు పెట్టి, రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా సర్దాం. పొడవులో ఒకసారి, అడ్డంగా ఒకసారి చూడాలి.
2. రాడ్డు నిలువుగా ఉందో లేదో దారానికి పెద్ద నట్టు కట్టి చూశాం. ఇదీ రెండు వైపుల నుంచి చూడాలి. ఒక్కవైపే చూసి సరిపోయిందనుకుని ఒక రోజు పోగొట్టుకున్నాం.
3. రాడ్డు చివరి గుండ్రటి మూత అడ్డమని మొదట పీకేశాం. తర్వాత మళ్ళీ పెట్టాల్సి వచ్చింది, ఎందుకో కింద రాశాను. మూత మధ్య దాకా ఎత్తు సరిగ్గా 50 సెం.మీ.

మూత సంగతి. ఎండలో నీడ అంచు గీసినట్టు ఉండదు. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ కాబట్టి నీడ ఎంత దూరం పడితే అంచు అంత మసకబారుతుంది. మా రాడ్డు మొన దగ్గర 6, 7 మిల్లీమీటర్ల మేర మసకే ఉండేది. పాప ఒకచోట చూపిస్తే బాబు ఇంకోచోట చూపించేవాడు, గొడవ. గుండ్రటి మూత పెట్టాక నేల మీద కోడిగుడ్డు ఆకారంలో నీడ పడింది. దాని నడిమధ్యన చుక్క పెట్టమంటే ఐదేళ్ళ పిల్లాడు కూడా సరిగ్గా పెట్టగలిగాడు. ఈ ఒక్క మార్పుతో పిల్లలిద్దరి కొలతల మధ్య తేడా 6 మి.మీ. నుంచి 2 మి.మీ.కి దిగింది.

తర్వాత ఉత్తరం ఎటో తేల్చాలి. ఫోన్‌లో కంపాస్ మీద ఆధారపడొద్దు. ట్యాంకు ఇనప స్టాండు దగ్గర ఒక రకంగా, నాలుగడుగులు జరిగితే ఇంకో రకంగా, దాదాపు ఇరవై డిగ్రీల తేడాతో చూపించింది. స్లాబులో ఉన్న ఇనుము కూడా దాన్ని కదిలిస్తుంది. అందుకని పాత పద్ధతికి వెళ్ళాం. మన పాత జ్యోతిష గ్రంథాల్లో ఇలా నిలబెట్టిన కర్రని శంకువు అంటారు, ఎత్తు 12 అంగుళాలు (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు). శంకువు చుట్టూ వృత్తం గీసి, పొద్దున్న నీడ మొన ఆ వృత్తాన్ని లోపలికి దాటేచోట ఒక గుర్తు, మధ్యాహ్నం బయటికి దాటేచోట ఇంకో గుర్తు పెట్టి రెండూ కలిపితే అదే తూర్పు పడమర గీత. దానికి లంబంగా గీస్తే ఉత్తరం.

మొదటి రెండు రోజులూ పొద్దుటి గుర్తు దొరికింది, మధ్యాహ్నానిది దొరకలేదు. ఒకరోజు బాబు నిద్రపోయాడు, వాణ్ణి లేపి పైకి తీసుకెళ్ళేసరికి నీడ వృత్తం దాటేసింది. రెండో రోజు మబ్బు. ఒకే వృత్తం గీయడం మా తప్పు. 45, 60, 75 సెం.మీ. వ్యాసార్ధాలతో మూడు గీశాం. ఒకటి పోయినా రెండు మిగులుతాయి.

జనవరి 28న మూడూ దొరికాయి. ఆ రోజు 60 సెం.మీ. వృత్తం దగ్గర బాబు బోర్లా పడుకుని, చెంప ఫ్లెక్సీకి ఆనించి, నీడ గుడ్డు గీత దగ్గరికి రావడం చూస్తున్నాడు. ఆ సమయానికి నీడ నిమిషానికి 3, 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. కళ్ళు దగ్గరగా పెడితే నిజంగానే కదలడం కనిపిస్తుంది. "అమ్మా, పాకుతోంది" అన్నాడు, గట్టిగా మాట్లాడితే ఆగిపోతుందేమోనన్నట్టు. నేనూ వాడి పక్కన పడుకుని చూశాను. ఇన్నేళ్ళు వచ్చినా నీడ కదలడం నా కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

పనులు కూడా ఇక్కడే పంచుకున్నాం. బాబుకి గడియారం చదవడం రాదు కాబట్టి వాడు నీడ కాపలా. "ఇప్పుడు" అనగానే పాప ఫోన్‌లో టైమ్ చూసి చెప్పాలి, వాడు చుక్క పెట్టాలి. నా పని పుస్తకంలో రాయడం మాత్రమే. మార్కర్ నా చేతిలో ఉన్నన్ని రోజులూ పదినిమిషాల్లో ఇద్దరూ కిందికి పారిపోయారు. వాళ్ళ చేతికిచ్చాక మూడు గంటలపాటు దిగలేదు.

60 సెం.మీ. వృత్తం: లోపలికి 10:05, బయటికి 2:53. సరిగ్గా మధ్యన అంటే 12:29.

పాప ఆ లెక్క రెండుసార్లు చేసింది. "మిట్టమధ్యాహ్నం అంటే పన్నెండు కదమ్మా, మరి సూర్యుడు అరగంట లేటెందుకు?"

ఇప్పటికి: పనిరోజులు 14, ఖర్చు రూ. 270 (రసమట్టం 120, మార్కర్లు 50, బ్రాకెట్‌కి అడుగు చెక్క, స్క్రూలు 100), గుర్తులు 39, పనికొచ్చినవి 6.

దశ 3: తునికి ఫోన్ (ఫిబ్రవరి 8 – 11)

ఆ అరగంటలో 16 నిమిషాలు మన ఊరి వల్ల వచ్చినవి. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. హైదరాబాద్ ఉన్నది దాదాపు 78.5 దగ్గర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, నాలుగు డిగ్రీలకి 16. మిగతా 13, 14 నిమిషాలు జనవరి చివర, ఫిబ్రవరి రోజుల వల్ల వచ్చినవి. భూమి అక్షం వంగి ఉండటం, సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి వృత్తం కాకపోవడం, ఈ రెండిటి వల్లా సూర్యుడు కొన్ని నెలల్లో గడియారం కంటే వెనకబడతాడు, కొన్ని నెలల్లో ముందుంటాడు. ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనక, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందు.

ఇదంతా నోటితో చెబితే పాప "ఊఁ" అంది, అంతే. కానీ ఆ 82.5 డిగ్రీల గీత మా అమ్మావాళ్ళ ఊరు తునిని దాదాపు ఆనుకునే పోతుంది. పైగా తునీ హైదరాబాదూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మా నాన్నగారు కరెంటు పైపు ముక్కని 50 సెం.మీ.కి కోసి డాబా మీద నిలబెట్టారు.

ఫిబ్రవరి 8 వృథా అయింది. నీడ అతి పొట్టిగా ఉన్న నిమిషం పట్టుకోమని నాన్నకి చెప్పాను. ఆయన ఐదేసి నిమిషాలకి కొలిచి 31.7, 31.7, 31.8 అని చదువుతూనే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం దగ్గర నీడ పొడవు ఇరవై నిమిషాల్లో ఒక మిల్లీమీటరు మించి మారదు. పొడవుతో మధ్యాహ్నం దొరకదు, నీడ ఉత్తరపు గీత దాటే నిమిషమే చూడాలి. అందుకని 9న ఆయన కూడా వృత్తాలు గీసి ఉత్తరపు గీత సిద్ధం చేసుకున్నారు.

11న స్పీకర్‌లో ఫోన్ పెట్టుకుని అందరం పైకెక్కాం.

12:15కి అటునుంచి, "అమ్మలూ, మా నీడ గీత మీదికి వచ్చేసింది. మీదింకా రాలేదా?"

మా నీడ ఇంకా గీతకి పడమటి వైపే ఉంది, రెండువేళ్ళ దూరంలో. పాప గీత మీద వేలు పెట్టి కూర్చుంది. ఫోన్ పెట్టేయమంటే తాతయ్య పెట్టేయలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పడుకుంటే వచ్చే దూరాన్ని సూర్యుడు దాటుతున్నంతసేపూ అవతల కాకులు, ఎవరిదో బండి హారన్, ఇవతల మా పక్కవాళ్ళు బట్టలు దులుపుతున్న చప్పుడు. 12:30కి బాబు "ఇప్పుడు" అన్నాడు.

తేడా 15 నిమిషాలు. లెక్క ప్రకారం 16.

ఆ రాత్రి పుస్తకం తీస్తే అందులో 12:31 అని ఉంది. నేను రాసిన సున్నాని ఒకటి చేసి ఉంది. ఫోన్‌లో ఫోటో 12:30కే తీసినట్టుంది. పొద్దున్న పాపని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "పదహారు రావాలని నువ్వే చెప్పావు కదమ్మా" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

ఈ ప్రాజెక్టులో నేను నేర్చుకున్నవాటిలో పెద్దది ఇదే, అందుకే దీన్ని వదిలేయకుండా రాస్తున్నాను. అంతకుముందు మూడు వారాలుగా కొలత లెక్కకి దగ్గరగా వస్తే "శభాష్", దూరంగా వస్తే "మళ్ళీ చూడు" అనేదాన్ని. నీడ చూడ్డం కంటే నా ముఖం చూడ్డమే దానికి అలవాటైపోయింది. ఆ రోజునుంచి మూడు మార్పులు చేశాం:

1. కొలత అయ్యేదాకా లెక్క ప్రకారం ఎంత రావాలో పిల్లలకి చెప్పను.
2. పుస్తకంలో కొట్టివేతలు, వైట్‌నర్ లేవు. తప్పు గుర్తుకైనా తారీఖు వేసి ఉంచాలి.
3. ప్రతి కొలత పక్కన "ఎందుకు?" అనే గడి ఒకటి. తేడా వస్తే అందులో అనుమానం రాయాలి. 15 పక్కన పాప "గీత లావుగా ఉంది" అని రాసింది. నిజమే, మార్కర్ గీత రెండు మిల్లీమీటర్లుంది, దాన్ని దాటడానికే నీడకి దాదాపు నిమిషం పడుతుంది.

ఇప్పటికి: పనిరోజులు 17, ఖర్చు రూ. 270, గుర్తులు 47, పనికొచ్చినవి 8.

దశ 4: నిలువు రాడ్డు వదిలేశాం, అట్ట చక్రం పోగొట్టుకున్నాం (మార్చి 5 – 22)

జనవరి 28న వృత్తాలతోపాటే 9 నుంచి 4 దాకా గంటగంటకీ గుర్తులు పెట్టి గీతలు లాగి ఉన్నాయి. అదే మా గడియారం అనుకున్నాం. మార్చి 5న మూడింటికి చూస్తే నీడ జనవరి నాటి నాలుగు గంటల గీత కూడా దాటి ఉంది. గంట పైన తేడా. తలుపు కదిలిందేమోనని రసమట్టం పెట్టాం, నట్టు దారం వేలాడదీశాం, ఏదీ కదల్లేదు. సంగతేమిటంటే సూర్యుడి దారి జనవరి నుంచి మార్చికి ఉత్తరానికి జరుగుతుంది, నిలువు కర్ర నీడ దిక్కు ఆ జరుగుడుతోపాటు మారిపోతుంది. నిలువు కర్రతో ఏడాది పొడవునా పనికొచ్చే గంట గీతలు రావు. ఇది ముందే తెలిసి ఉంటే జనవరి గీతలు గీసేవాళ్ళమే కాదు. అయితే ఆ రాడ్డుని తీసేయలేదు, మధ్యాహ్నపు నీడ పొడవు కోసం ఉంచాం.

కర్రని భూమి అక్షానికి సమాంతరంగా వంచాలి. అంటే ఉత్తరం వైపు చూస్తూ, నేల నుంచి మన అక్షాంశమంత కోణం, హైదరాబాద్‌కి 17.4 డిగ్రీలు. దానికి అడ్డంగా గుండ్రటి అట్ట పెడితే గంటకి 15 డిగ్రీల చొప్పున గీతలు సమానంగా వస్తాయి. సన్‌ప్యాక్ షీట్‌తో అడుగు వెడల్పు చక్రం కోసి, కోణమానినితో పాప 24 భాగాలు చేసింది. మధ్యలో అల్లికసూది.

మార్చి 12న పెడితే పై ముఖం మీద ఎండే లేదు. కింది ముఖం మీద చీరకుచ్చులా పొడుగ్గా వెలవెలబోయిన నీడ. కోణం తప్పనుకుని 15 డిగ్రీలు చేశాం, 20 చేశాం. తొమ్మిది రోజులు. మార్చి 20, 21 తేదీల్లో రెండు ముఖాల మీదా ఏమీ కనపడలేదు.

తప్పు కోణానిది కాదు, క్యాలెండర్‌ది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో సూర్యుడు ఆ చక్రం అంచుకి ఎదురుగా ఉంటాడు, కాబట్టి ఏ ముఖం మీదా నీడ పడదు. మార్చి 20 నుంచి సెప్టెంబరు 23 దాకా పైముఖం, మిగతా ఆరు నెలలు కింది ముఖం పనిచేస్తాయి. కింది ముఖం మీద అంకెలు తిరగేసి రాయాలి. పనికొచ్చే పరికరమే, కానీ మార్చిలో, సెప్టెంబరులో మాత్రం మొదలుపెట్టకండి. బాబు చక్రం కింద తల పెట్టి చూడాల్సి రావడం కూడా నాకు నచ్చలేదు.

ఇప్పటికి: పనిరోజులు 27, ఖర్చు రూ. 340 (సన్‌ప్యాక్ షీట్ 40, పెద్ద కోణమానిని 30).

దశ 5: సగం పైపు (మార్చి 25 – ఏప్రిల్ 16)

చివరికి నిలిచింది ఇదే. మీరు చేస్తే నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కని పొడవునా సగానికి చీలిస్తే దోనెలా వస్తుంది. దాని మధ్య గాల్లో సైకిల్ పుల్ల ఉంటుంది. ఆ పుల్ల నీడ దోనె లోపలి గోడ మీద పడి పడమటి అంచు నుంచి అడుగుకి, అడుగు నుంచి తూర్పు అంచుకి రోజంతా సమానమైన వేగంతో జరుగుతుంది. ఏడాదంతా ఒకే ముఖం, తిరగేసిన అంకెలు లేవు. ఎండ పడిన పట్టీకి నీడ ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది, కాబట్టి చిన్నపిల్లలకి కూడా వెంటనే దొరుకుతుంది.

1. పైపు 30 సెం.మీ. ముక్క ప్లంబర్ దగ్గర దొరికింది. లోపలి వ్యాసం కొలిస్తే 15.2 సెం.మీ. మీ పైపుది మీరే కొలుచుకోండి, కంపెనీని బట్టి గోడ మందం మారుతుంది.
2. పైపుని గుమ్మం మూలకి ఆనించి పొడవునా గీత గీయాలి. చేత్తో గీసిన మొదటి గీత మెలిక తిరిగింది. రెండో గీత కోసం పైపు చుట్టూ కాగితం చుట్టి, ఆ కాగితాన్ని సగానికి మడిచి గుర్తు పెట్టుకున్నాం.
3. హాక్సాతో కోత వాళ్ళ నాన్న పని. పిల్లలు గరుకు కాగితంతో అంచులు రుద్దారు, బాబు రెండు రోజులు రుద్దాడు.
4. రెండు చివర్లా ప్లైవుడ్ అర్ధచంద్రాలు బిగించి, వాటి పైఅంచు మధ్యలో పుల్లకి కన్నం.
5. లోపల తెల్ల ఎనామిల్ రెండు పూతలు.
6. సగం చుట్టుకొలత 23.9 సెం.మీ. అది పన్నెండు గంటలు. అంటే గంటకి దాదాపు 2 సెం.మీ. స్కేలు పట్టుకోవడం వచ్చిన ఏ పిల్లయినా ఈ గీతలు గీయగలదు.
7. ఉత్తరం చివర దక్షిణం చివర కంటే 9 సెం.మీ. ఎత్తు ఉండాలి. 30 సెం.మీ. పొడవుకి 17.4 డిగ్రీలంటే అంతే. మాకు ఒక ఇటుక మీద ఒక చెక్క పెడితే సరిపోయింది.

అంకెలు రాసిన కాగితం పట్టీని ఫెవికాల్‌తో అతికించే ముందు 16 నిమిషాల సవరణ ఇందులోనే కలిపేశాం. గంటకి 20 మి.మీ. అయితే 16 నిమిషాలకి 5 మి.మీ. పైచిలుకు. 12 గీత దోనె అడుగున కాకుండా అయిదు మిల్లీమీటర్లు పడమటికి జరిగి ఉంటుంది. ఇది మా పక్కింటావిడ చూసి వంకరగా అతికించామనుకుంది, పాపే ఆవిడకి తుని కథంతా చెప్పింది.

ఏప్రిల్ 8న మొదటి పరీక్ష. మధ్యాహ్నం 12 నిమిషాలు తేడా, నాలుగింటికి 6, ఆరు దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. ఈ అంకెలు నేను కొలిచినవి కావు. నేను వంటింట్లో ఉంటే పాప ఒక్కతే వెళ్ళి చూసి, 12 అని అలాగే రాసి, "ఎందుకు?" గడిలో "పుల్ల పక్కకి ఉందా? అడ్డంగా పడే నీడకి తేడా రావట్లేదు" అని రాసింది. స్కేలు పెట్టి చూస్తే కన్నం మధ్య నుంచి 4 మి.మీ. పక్కకి ఉంది. నాలుగు మిల్లీమీటర్లంటే సరిగ్గా 12 నిమిషాలు. ఆ పేజీని ఇంకో కాగితం మీద ఎక్కించి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

కొత్త అర్ధచంద్రాలు కోసి ఏప్రిల్ 15, 16 తేదీల్లో మళ్ళీ చూశాం. ఆ రోజుల్లో సూర్యుడికీ గడియారానికీ తేడా దాదాపు సున్నా, పరీక్షకి అంతకంటే మంచి రోజు దొరకదు. 9 గంటలకి 2 నిమిషాలు ఎక్కువ, 12కి సరిగ్గా, 3కి 3 నిమిషాలు తక్కువ, 5కి 2 తక్కువ. మా పైపులో ఒక మిల్లీమీటరు మూడు నిమిషాలు కాబట్టి ఇంతకంటే సన్నగా చూడలేం. ఇక్కడితో ఆపేశాం.

ఇప్పటికి: పనిరోజులు 35, ఖర్చు రూ. 610 (పైపు 100, ఎనామిల్ 90, ప్లైవుడ్ 60, పుల్ల 10, గరుకు కాగితం 10).

దశ 6: నీడ లేని మధ్యాహ్నం (మే 9, 10), తర్వాత జూన్

నిలువు రాడ్డు మధ్యాహ్నపు నీడ జనవరి నుంచి ఇలా తగ్గుతూ వచ్చింది. జనవరి 28: 35.8. ఫిబ్రవరి 8: 31.7. మార్చి 20: 15.7. ఏప్రిల్ 10: 8.5. మే 1: 2.1 సెం.మీ. పాప ఈ అంకెలని గళ్ళకాగితం మీద పెట్టి, గీతని కిందికి పొడిగించి, సున్నా ఎప్పుడొస్తుందో తనే చెప్పింది: మే 8. హైదరాబాద్‌లో సూర్యుడు నెత్తిమీదికి వచ్చేది ఏటా మే 9 దరిదాపుల్లో, మళ్ళీ ఆగస్టు 3 దరిదాపుల్లో. ఒక్కరోజు తేడాతో పట్టుకుంది.

మే 9న 12:05 నుంచి 12:20 దాకా మబ్బు. మాకు కావాల్సింది 12:12. బాబు ఏడ్చాడు. కానీ ఒక్కరోజులో మారేది రెండు మిల్లీమీటర్లే, రాడ్డు మందం కంటే తక్కువ, కాబట్టి 10న మళ్ళీ ఎక్కాం. ఎండలో పిల్లలని పది నిమిషాల కంటే ఉంచొద్దు. చెప్పులు, టోపీ, మజ్జిగ చెంబు ముందే సిద్ధం చేసుకోవాలి, స్లాబు మీద అరికాలు పెట్టలేం. స్టీలు గ్లాసులు, నీళ్ళ సీసా, పాప గాజు, బాబు కట్టిన బిళ్ళల గోపురం వరసగా పెట్టాం. 12:12కి గ్లాసు చుట్టూ నీడ లేదు. బాబు గ్లాసు ఎత్తి కింద చూశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు. "లోపలికి పోయింది" అన్నాడు.

జూన్‌లో వానలు. తలుపు అంచులు ఉబ్బడం మొదలుపెట్టాయి. ఫెవికాల్ పూసి టేపు వేశాం, ప్లైవుడ్‌కి కూడా ముందే రంగు వేసి ఉండాల్సింది. జూన్ 21న మబ్బు. 23న దొరికిన కాసేపట్లో 12:18కి చూస్తే నీడ దక్షిణం వైపు 5.2 సెం.మీ. మే దాకా ఉత్తరం వైపే చూసిన నీడ ఇటు తిరిగింది. బాబు అటువైపు ఎప్పుడూ చుక్క పెట్టలేదు కాబట్టి మార్కర్ పట్టుకుని ఒక నిమిషం ఆగి, "ఇటు పెట్టొచ్చా?" అని అక్కని అడిగాడు.

ఇప్పటికి: పనిరోజులు 39, ఖర్చు రూ. 610. దోనెలో నాలుగు గంటల గీత దగ్గర రంగు ఊడింది, వానలు తగ్గాక ఇంకో పూత వేయాలి. ఆగస్టు 3న మబ్బు విడిస్తే తునిలో తాతయ్య 12:06కి గ్లాసు పెడతారు, మేం ఇక్కడ 12:22కి.